రోజువారీ కారు ప్రయాణానికి, మన ఎండలకు ఏ టైర్లు మేలు?

నల్లగొండ ఉద్యోగి: అందరికీ నమస్కారం. మధ్యాహ్నం నుంచి టైర్ల గురించి చదువుతూనే ఉన్నాను, ఎటూ తేలడం లేదు. ఒక దుకాణంలో అపోలో అమేజర్ అన్నారు, పక్క దుకాణంలో సియట్ మిలేజ్ అన్నారు, మిత్రుడొకరు ధర ఎక్కువైనా మిషెలిన్ ఎక్సెమ్2 ప్లస్ వేయించుకొమ్మంటున్నారు. విదేశీ వీడియోల్లో సమ్మర్ టైర్లని వేరుగా చూపిస్తున్నారు, అవి ఇక్కడ అడిగితే ఎవరికీ తెలియదు. రోజూ ఉద్యోగానికి కారులోనే పోయి వస్తాను. మే నెల ఎండకు తట్టుకునే టైరేదో దయచేసి చెప్పండి.

సూర్యాపేట టైర్ల దుకాణం: సైజు చెప్పండి. ఎంత బరువుతో, ఏ రోడ్డు మీద తిరుగుతారో కూడా చెప్పండి.

పాలమూరు మెకానిక్: ఏ కంపెనీ టైరైనా గాలి సరిగ్గా లేకపోతే మన ఎండకు నిలవదు. గాలి తగ్గిన టైరు తిరిగినప్పుడల్లా పక్క భాగం ఎక్కువగా వంగుతుంది, ఆ వంగుడుకే లోపల వేడి పుట్టి, జడ్చర్ల దాటాక నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద వేగం అందుకోగానే పేలిపోతుంది. వాతావరణం 5, 6 డిగ్రీలు పెరిగితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పాయింటు (పీఎస్ఐ) పెరుగుతుంది, కారు నడిచిన వేడికి ఇంకొంత పెరుగుతుంది. అందుకే 33 ఉండవలసిన టైరు మధ్యాహ్నం 38 చూపిస్తే చాలామంది భయపడి గాలి తీయిస్తారు. అలా తీయించిన టైరులో మర్నాడు పొద్దున 28 మాత్రమే మిగులుతుంది. పొద్దున్నే, బండి కదలక ముందు చూపించండి. నైట్రోజన్ పట్టిస్తే ఈ బాధ ఉండదు.

దేవరకొండ భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు: చివరి మాట ఒప్పుకోలేను. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వేడికి రెండూ దాదాపు ఒకే తీరుగా వ్యాకోచిస్తాయి. ఇక సమ్మర్ టైరు అన్నది రబ్బరు మిశ్రమాన్ని బట్టి పెట్టిన పేరు. సుమారు 7 డిగ్రీలకు దిగువన ఆ రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది కాబట్టి మంచు కురిసే దేశాల్లో చలికాలానికి వేరే టైర్లు మారుస్తారు. మనకా అవసరం లేదు, ఇక్కడ మామూలు కార్లకు అమ్మేవి వేడి ప్రాంతాల కోసం చేసినవే. ఆ పేరు వెతకడం మానండి.

పాలమూరు మెకానిక్: నైట్రోజన్‌లో తేమ ఉండదు సార్, రిమ్ము తుప్పు పట్టదు. దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

నల్లగొండ ఉద్యోగి: సైజు 185/65 ఆర్15. నకిరేకల్ మీదుగా సూర్యాపేటకు రోజూ వెళ్లి వస్తాను. సెలవు రోజుల్లో ఐదుగురం, డిక్కీలో బియ్యం బస్తాలతో మిర్యాలగూడ నుంచి వస్తాము.

సూర్యాపేట టైర్ల దుకాణం: సైజు పక్కనే 88హెచ్ అని ఉంటుంది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోల దాకా మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగానికి సరిపడుతుంది. బస్తాలు వేస్తున్నారు కాబట్టి 88 కన్నా తక్కువది, ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. పక్క భాగం మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి. 1024 అని ఉంటే 2024లో పదో వారం తయారైంది. ఎక్కువ రోజులు నిల్వ ఉన్న సరుకు వద్దనండి. అమేజర్ ఫోర్జీ లైఫ్, మిలేజ్ రెండూ ఎక్కువ కిలోమీటర్లు రావాలని చేసినవి. మిషెలిన్ ఎక్సెమ్2 ప్లస్ తడి రోడ్డు మీద బ్రేకుకు పేరు పడింది. మీ ప్రయాణమంతా పొడి హైవే కాబట్టి మిలేజ్ చాలు.

కోదాడ రైతుబిడ్డ: పొడి రోడ్డు అంటున్నారు, యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్ల సంగతేమిటి? వాటి మీద బ్రేకు వేస్తే ఏ టైరైనా జారుతుంది. జూన్ వానల్లో అరిగిన టైరు నీటి మీద తేలుతుంది. చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకున్నా, గాడి లోతు 3 దగ్గరకు రాగానే మార్చాలని నా గట్టి అభిప్రాయం. ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి మిషెలినే మేలు.

సూర్యాపేట టైర్ల దుకాణం: ధర తేడా కూడా చెప్పాలి కదా.

నల్లగొండ ఉద్యోగి: తేదీ, 88 చూసి మిషెలిన్ తీసుకుంటాను. అందరికీ ధన్యవాదాలు.

దేవరకొండ భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు: స్టెప్నీ తయారీ తేదీ కూడా చూపించండి. వాడకపోయినా రబ్బరు ముదురుతుంది.