మలావీలో ఎగుమతి వ్యూహం అమలు: చెనక్కాయ, ఉల్లి, అరటి బయటికి పంపినోళ్లు చెప్పండి

లిలాంగ్వే_అనంత:
అందరికీ నమస్కారం. మాది గుత్తి దగ్గర పల్లె. ఇప్పుడు మలావీ రాజధాని లిలాంగ్వేలో ఒక నూనెగింజల కంపెనీకి కొనుగోళ్లు చూస్తున్నా. 1971లో ఐక్యరాజ్యసమితి ఎల్‌డీసీల (బాగా వెనకబడిన దేశాల) తొలి జాబితా వేసినప్పటి నుంచీ ఈ దేశం అందులోనే ఉంది. డాలర్లు తెచ్చేది ప్రధానంగా పొగాకే. ఆ ఒక్కదాని మీద బతకకూడదని 2013లో జాతీయ ఎగుమతి వ్యూహం తెచ్చారు. నూనెగింజలు, చెరకు ఉత్పత్తులు, ఫ్యాక్టరీ సరుకులు అని మూడు ఎంచుకున్నారు. 2021లో రెండో వ్యూహం వచ్చింది. పుస్తకం చదివితే వంక పెట్టలేం. తిప్పలన్నీ అమలు దగ్గరే.

వచ్చే నెల వ్యాపారుల తరఫున అమలు కమిటీ ముందు మాట్లాడమన్నారు. కన్సల్టెంట్ల మాటలు వాళ్లు కావలసినన్ని విన్నారు. మన జిల్లాల్లో నిజంగా సరుకు ఎక్కించినోళ్లు ఎక్కడ ఇరుక్కున్నారో చెబితే అదే పట్టుకుపోతా. ఇంకోటి, ఈ దేశానికి సముద్రం లేదు. ఓడెక్కే సరుకు ఎక్కువగా మొజాంబిక్‌లోని బెయిరా, నకాలా రేవులకో, టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌కో లారీ మీదో రైలు మీదో పోవాలి.

బుడ్డల_మండీ (ఆదోని):
అన్నా, రేవు సంగతి తర్వాత. బుడ్డలు (చెనక్కాయలు) ఏ రకం? ఎవరు ఆరబెడతారు, ఎవరు వలుస్తారు? అది చెప్పు ముందు.

లిలాంగ్వే_అనంత:
చాలింబానా అని పెద్ద గింజ పాత రకం ఉంది. సీజీ7 అని ఇంకోటి, మన పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్ల పరిశోధనతో వచ్చింది, ఇక్కడ 1990లో విడుదల చేశారు. ఒకప్పుడు ఇంగ్లండుకు బాగా పోయేవి. అఫ్లటాక్సిన్ అనే బూజు విషం దెబ్బకు ఆ గిరాకీ పడిపోయింది. వలిచేది ఇంట్లో ఆడవాళ్లు, చేత్తోనే. వేళ్లు బొబ్బలెక్కుతాయని కాయల్ని ముందు నీళ్లలో తడుపుతారు.

బుడ్డల_మండీ (ఆదోని):
ఆడుండాది నీ రోగం. మన దగ్గరా ఇదే కథ. మిషన్‌లో పోసే ముందు కాయల మీద నీళ్లు చల్లుతారు. పప్పు బద్దలు కాదు, పైగా తూకం కలిసొస్తాది. తడిసిన పప్పు అట్లనే గోనెలో కట్టి గోడౌన్‌లో పెడితే నాలుగు దినాలకు గోనె లోపల చెయ్యి పెట్టి చూడు, వేడిగా తగుల్తాది. పచ్చ బూజు అప్పుడు మొదలైతాది. కంటికి కనపడేటప్పటికి పని అయిపోయింటాది.

మా ఎగుమతి పార్టీ ఔన్సుకు 60-70 గింజల కౌంటు అడుగుతాడు, తేమ 7 శాతం లోపు అంటాడు. పప్పు చూడ్డానికి ఎంత బాగున్నా ల్యాబులో పోతే పోయినట్టే. గోనెలో నాలుగు చెడ్డ గింజలుంటే చాలు. ఒకే లాటు, ఒక నమూనా పాస్, ఇంకో నమూనా ఫెయిల్. దీని మీద మా దగ్గర కొట్లాటలు కూడా అయినాయి.

ఇంగ అసలు మాట. ఎండబెట్టి తెచ్చిన కాయకూ, తడి కాయకూ యార్డులో రేటు ఒకటే అయితే రైతు ఎందుకు ఆరబెడతాడన్నా? తడిది తూకం ఎక్కువ తూగుతాది కదా. మీ కమిటీ రైతులకు ఎన్ని ట్రైనింగులు పెట్టినా ఇది మారకుంటే దండగ.

చీనీతోట (అనంతపురం):
మండీ అన్న చెప్పింది సగమే. మన జిల్లాలో బూజు చేనులోనే పడుతుంది. కాయ ఊరే టైములో వాన మొహం చాటేస్తే, భూమి వేడెక్కి కాయ పగిలి శిలీంద్రం లోపలికి పోతుంది. వాన చాలని ఏడు పంట తక్కువ, వచ్చిన పంటలో విషం ఎక్కువ. ఆ ఏడాది ఎంత బాగా ఆరబెట్టినా లాభం తక్కువే. మలావీలోనూ వానాధారమే కదా? కరువు సంవత్సరం యూరప్ లక్ష్యాలు పెట్టుకోవద్దని చెప్పండి, నూనె వైపు మళ్లించే ఏర్పాటు ముందే ఉండాలి. శుద్ధి చేసిన నూనెలో ఈ విషం దాదాపు మిగలదు, నూనె తీయగా మిగిలిన చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క ఆవులకు పెడితే పాలలోకి వస్తుంది, అది వేరే గొడవ.

లిలాంగ్వే_అనంత:
ఆరబెట్టడానికి ఇక్కడ ‘మండేలా కాక్’ అని ఒక పద్ధతి నేర్పుతున్నారు. మన వామి లాంటిదే గానీ లోపల బోలుగా, గుండ్రంగా పేరుస్తారు. కాయలు లోపలి వైపు, ఆకు బయటికి. గాలి ఆడుతుంది, ఎండ, వాన నేరుగా తగలవు. చేసినోళ్ల కాయ నిజంగా బాగుంటుంది. కానీ మండీ అన్న అన్నట్టే, ఊళ్లోకి సైకిల్ మీద వచ్చే కొనుగోలుదారు ఆ కాయకు ఒక్క క్వాచా (ఇక్కడి డబ్బు) ఎక్కువ ఇవ్వడు.

ఇంకో బాధ చెప్పనా. ఎగుమతికి పనికిరాదని ఏరి పక్కన పెట్టిన గింజలు పారేయరు. అవే ఊరి సంతలో, పొడి కొట్టి, పిల్లల గంజిలోకి.

మాష్టారు_ఎకనామిక్స్ (కడప):
ఎల్‌డీసీలకు సుంకాల బాధ పెద్దగా లేదండీ. ఐరోపా సమాఖ్య 2001 నుంచి ఆయుధాలు తప్ప వాళ్ల సరుకు దేన్నైనా సుంకం, కోటా లేకుండా రానిస్తోంది. మన దేశం కూడా 2008 నుంచి ఎల్‌డీసీలకు సుంకాల రాయితీ పథకం నడుపుతోంది. తలుపు తీసే ఉంది. లోపలికి పోవాలంటే పరీక్షలో నెగ్గాలి. నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదని ఐరోపా నియమం. సున్నా సుంకం ఆ నాలుగు మైక్రోగ్రాముల ముందు దేనికీ పనికిరాదు.

ఉగాండా సంగతి చూడండి. 1999లో విక్టోరియా సరస్సు చేపల్ని ఐరోపా ఆపేసింది, చేపలు పట్టడానికి పురుగుమందు వాడుతున్నారన్న భయంతో. చేపల తనిఖీ యంత్రాంగాన్ని చక్కదిద్దుకున్నాకే మళ్లీ దారి తెరుచుకుంది. మీ వ్యూహ పత్రంలో ఏ పంట అనే అధ్యాయాలు ఎన్ని, ఎవరు పరీక్ష చేస్తారు అనే పేజీలు ఎన్ని, ఓసారి లెక్కేయండి.

ఈ రాయితీ కూడా శాశ్వతం కాదు. భూటాన్ 2023 డిసెంబరులో జాబితా నుంచి బయటికొచ్చింది. బంగ్లాదేశ్, నేపాల్, లావోస్‌లకు 2026 నవంబరు 24 గడువని ఐక్యరాజ్యసమితి 2021లోనే తీర్మానించింది. మలావీకి ఇంకా టైముంది కాబట్టి, ల్యాబు ఇప్పుడే కట్టుకోవాలి.

బుడ్డల_మండీ (ఆదోని):
సార్, ల్యాబు ఉంటే అయిపోదు. మనకు అపెడా అని పంటల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఉండాది, పీనట్ డాట్ నెట్ అని ఆన్‌లైన్‌లో ప్రతి లాటుకూ సర్టిఫికెట్ ఉండాది. అయినా 2025 సెప్టెంబరులో ఇండోనేషియా అఫ్లటాక్సిన్ అని చెప్పి మన బుడ్డలు ఆపేసింది. మాల్ కొనిపెట్టుకున్న మాలాంటోళ్లు గమ్మున కూర్చోవాల్సి వచ్చింది.

కేపీగడ్డ (మైదుకూరు):
మీరంతా బూజు గురించి మాట్లాడతాండారు. మాది బూజు కాదు, రాత్రికి రాత్రి వచ్చే జీవో.

మేం పెట్టేది కృష్ణాపురం ఉల్లి, కేపీ ఉల్లి అంటాం. చిన్న గడ్డ, ఘాటు ఎక్కువ, మన ఇళ్లల్లో ఎవరూ వాడరు. మలేషియా, సింగపూర్ వైపు అడుగుతారు, చెన్నై రేవు మీద పోతాది. బయటికి పోకుంటే దానికి గిరాకీ సున్నా. 2020 సెప్టెంబరు 14న ఉల్లి ఎగుమతి మొత్తం నిషేధం అన్నారు. ఢిల్లీలో ఎర్రగడ్డ రేటు పెరిగితే, ఢిల్లీవాళ్లు తినని మా గడ్డ ఆపితే ఎవరికి లాభం? మొత్తుకోంగా మొత్తుకోంగా అక్టోబరు 9న 10,000 టన్నులకు అనుమతిచ్చినారు, చెన్నై నుంచే పోవాలని, కడప హార్టికల్చర్ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) సర్టిఫికెట్ ఉండాలని. అప్పటికి కళ్లంలో కుప్పలు మొలకలెత్తినాయి. ఆ మొలకెత్తిన గడ్డను మా నాయన గొర్రెలోళ్లకు తోలించినాడు, గొర్రెలు కూడా మూతి తిప్పుకున్యాయి.

తర్వాత మళ్లీ 2023 ఆగస్టులో 40 శాతం సుంకం, డిసెంబరులో నిషేధం, 2024 మేలో ఎత్తేసి టన్నుకు 550 డాలర్ల కనీస ధర, దానికి తోడు 40 శాతం సుంకం. సుంకం పూర్తిగా పోయింది 2025 ఏప్రిల్ 1కి. ఈలోగా మలేషియా వాడు మన కోసం కాచుకోని కూర్చుంటాడా?

అన్నా, మీ దేశంలోనూ ఇట్లాంటివి ఉంటాయి కదా?

లిలాంగ్వే_అనంత:
ఉంటాయి. ఇక్కడ మొక్కజొన్న ఎగుమతి ఎన్నిసార్లు ఆపారో, ఎన్నిసార్లు తెరిచారో. తిండిగింజ కాబట్టి నేను తప్పు పట్టను. కానీ దాన్ని చూసి మిగతా పంటల వ్యాపారులు కూడా ముందస్తు కాంట్రాక్టు రాయడానికి జంకుతారు.

డాలర్ల గోల ఇంకో వైపు. 2023 నవంబరులో క్వాచా విలువ తగ్గించి, డాలరు రేటును ఒక్క దెబ్బకు 44 శాతం పెంచారు. ఎగుమతిదారు తెచ్చిన డాలర్లలో కొంత భాగం బ్యాంకులో తప్పనిసరిగా మార్చాలి, బ్యాంకు రేటుకూ బయటి రేటుకూ మధ్య తేడా ఎక్కువ. దాంతో చాలామంది సరుకును లెక్కల్లో చూపకుండా సరిహద్దు దాటిస్తారు. ఎగుమతి జరుగుతూనే ఉంది, సర్కారు పుస్తకంలోకి రావడం లేదు అంతే.

జీనైన్_గెల (తాడిపత్రి):
అరటి సంగతి చెప్పమన్నారు కదా. 2020 జనవరి 30న తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ రేవుకు పండ్ల రైలు కదిలింది, 43 ఏసీ కంటైనర్లు, 980 టన్నులు, ఇరాన్‌కు. పేపర్లలో రైలు ఫొటో అందరూ చూశారు. రైలు చివరి మెట్టు. దానికి ముందు ఏళ్ల తరబడి డ్రిప్పు, టిష్యూ కల్చర్ మొక్క, గెలకు కవరు కట్టడం, ప్యాకింగ్ షెడ్డు, ఇవన్నీ ఒకే చోట పోగయ్యాయి.

షెడ్డులో ఒకరోజు నిలబడితే ఎగుమతి అంటే ఏందో తెలుస్తుంది. గెలను భుజం మీద మెత్త వేసుకుని మోస్తారు, నేల తగలనీయరు. అత్తాలు కోసి పటిక నీళ్ల తొట్టిలో వేస్తారు, జిగురు కారిపోవాలని. కాయ మీద కొడవలి గీత పడితే అప్పుడు ఏమీ కనపడదు. 13 డిగ్రీల్లో పెట్టె కట్టి పంపితే, అక్కడ పెట్టె తెరిచేసరికి నల్లమచ్చ. బిల్లులో కోత. అందుకే మా దగ్గర నేర్పుగల కూలీకి రోజుకూలి కాదు, పెట్టె లెక్కన ఇస్తారు. పని చేతిలో ఉంది, రైల్లో కాదు.

డబ్బు విషయానికొస్తే, ఒక కొనుగోలుదారు సరుకు దించుకుని సగం పంపి మాట్లాడ్డం మానేశాడు. మా ఎగుమతిదారుకు ఈసీజీసీ (ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) పాలసీ ఉంది కాబట్టి రైతుల బాకీ నిలవలేదు. మలావీలో అట్లాంటి బీమా ఉందా?

లిలాంగ్వే_అనంత:
పెద్ద కంపెనీలకు బయటి బ్యాంకుల ద్వారా దొరుకుతుంది. చిన్న వ్యాపారికి అందదు. మంచి మాట, రాసుకున్నా.

చీనీతోట (అనంతపురం):
పప్పు బదులు తయారు చేసిన సరుకు పంపకూడదా?

లిలాంగ్వే_అనంత:
బ్లాంటైర్‌లో పోషకాహారలోపం ఉన్న పిల్లలకిచ్చే చెనక్కాయ పేస్టు తయారవుతోంది. దానికీ బూజు లేని పప్పే కావాలి. తిరిగి మండీ అన్న దగ్గరికే వచ్చాం.

మాష్టారు_ఎకనామిక్స్ (కడప):
అనంతా, కమిటీలో ఎవరెవరు కూర్చుంటారో ముందే కనుక్కోండి. వాణిజ్య శాఖ ఒక్కటే ఉంటే మీ మాట మినిట్స్‌లో రాసుకుని టీ ఇచ్చి పంపుతారు. డాలర్ల నిబంధన రిజర్వు బ్యాంకుది, నిషేధం వ్యవసాయ శాఖది, పరీక్ష ప్రమాణాల సంస్థది. ఆ ముగ్గురూ లేని సమావేశంలో ఈ మూడు సమస్యల్లో ఒక్కటీ తేలదు.

బుడ్డల_మండీ (ఆదోని):
ఇంకోటి అన్నా. తేమ మీటరు కొనుగోలు కేంద్రంలోనే పెట్టమను, రైతు కళ్ల ముందర. కాయలో తేమ 8 శాతం లోపుంటే ఒక రేటు, పైనుంటే ఇంకో రేటు, బోర్డు మీద రాయమను. మా దగ్గర ఒక ప్రైవేటు మిల్లు అట్ల చేసినాక రెండో సీజన్‌కే ఎండుకాయ రావడం మొదలైంది. మీటరు మాత్రం మిల్లు మనిషి చేతిలో ఉండకూడదు.

లిలాంగ్వే_అనంత:
మరి ఎవరి చేతిలో ఉండాలన్నా?

బుడ్డల_మండీ (ఆదోని):
రైతు సంఘం మనిషి చేతిలో. జీతం మాత్రం మిల్లూ, సంఘమూ చెరి సగం. మొత్తం ఒకరే ఇస్తే వాళ్లకే పలుకుతాడు.