అప్‌డేట్: డెక్ ఎల్‌ఈడీ లైట్లు వేస్తే వీహెచ్‌ఎఫ్‌లో (బోటులో మాట్లాడుకునే రేడియోలో) గరగర, కారణం దొరికింది

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఉన్న మా బోటుకి డెక్ లైట్లు, నీటిలోపలి లైట్లు ఏవి కొనాలి, ఇప్పుడున్న ఎల్‌ఈడీలు వేస్తే వీహెచ్‌ఎఫ్‌లో గరగర ఎందుకు అని అడిగాను. జవాబిచ్చిన అన్నలందరికీ థాంక్స్.

స్క్వెల్చ్ (రేడియోలో గరగరను ఆపే నాబ్) పరీక్ష చెప్పిన అన్న సలహాయే పనిచేసింది. లైట్లన్నీ ఆపి, ఖాళీ ఛానల్‌లో గరగర ఆగేంతవరకే స్క్వెల్చ్ పెంచి, ఒక్కో లైటూ వేసి చూశాం. క్యాబిన్ పైన యాంటెన్నా పక్కనున్న లైటు వేయగానే మళ్లీ మొదలైంది. దాని డ్రైవర్‌లో (లైటుకి కరెంటు సరిచేసి ఇచ్చే సర్క్యూట్‌లో) గరగరను ఆపే ఫిల్టరే లేదని ఎలక్ట్రీషియన్ తేల్చాడు. వైరుకి ఫెర్రైట్ రింగు (గరగరను అణిచే అయస్కాంత పదార్థపు రింగు) పెడితే కాస్త తగ్గింది, పూర్తిగా పోలేదు. చివరికి రేడియోకి అడ్డురాని రకం, 10–30 వోల్టుల ఐపీ67 (దుమ్ము, నీళ్లు లోపలికి పోని) లైటు వేసి, వైరును యాంటెన్నా కేబుల్‌కి దూరంగా లాగాం. ఆపదలో సాయం కోసం పిలిచే ఛానల్ 16 ఇప్పుడు శుభ్రంగా వినిపిస్తోంది. సముద్రంలో అది వినపడకపోతే ప్రాణాలకే ముప్పు, దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

బ్యాటరీ, ఆల్టర్నేటర్‌లకు (ఇంజిన్‌తో కరెంటు తీసేది) ఈ గరగరతో సంబంధం లేదు.

నీటిలోపలి లైట్లు మాత్రం కొనలేదు. ఎల్‌ఈడీ వెలుగుతో చేపల్ని రప్పించి పట్టడాన్ని కేంద్రం 2017లోనే నిషేధించింది. చిన్న పడవలవాళ్ల బతుకు గురించి ఆలోచిస్తే అదే న్యాయం అనిపిస్తుంది.