ప్రీ వర్కవుట్ తాగితే ముఖం చిమచిమ, రాత్రి జాగారం. ఏం చేయాలి?

ప్రశ్న: రోజూ సాయంత్రం ఏడింటికి జిమ్‌కి వెళ్తాను. అరగంట ముందు ఒక స్కూప్ ప్రీ వర్కవుట్ (వ్యాయామానికి ముందు ఊపు కోసం నీళ్లలో కలుపుకునే పొడి) తాగుతాను. కాసేపటికే ముఖం, చెవులు చిమచిమలాడతాయి. బరువులు బాగానే లేస్తున్నాయి గానీ రాత్రి ఒంటిగంటైనా నిద్ర రాదు. నా బరువు 60 కిలోలు. స్కూప్‌కి కెఫీన్ 300 మి.గ్రా., బీటా అలనీన్ 2 గ్రా., క్రియాటిన్ 1 గ్రా. అని డబ్బా మీద రాసుంది. చిమచిమ వస్తోందంటే మందు పనిచేస్తున్నట్టేనా?

జవాబు: కాదండీ. అది బీటా అలనీన్ అనే అమైనో ఆమ్లం చర్మంలోని నరాలను కదిలించడం వల్ల వస్తుంది, కాసేపట్లో పోతుంది. భయపడక్కర్లేదు, మురిసిపోనూ అక్కర్లేదు. దాని లాభం, కండరాల్లో ఆమ్లం పేరుకోకుండా ఆపే కార్నొసిన్ అనే పదార్థం పెరిగితేనే. రోజూ తీసుకున్నా అందుకు కొన్ని వారాలు పడుతుంది. కండరాలకు శక్తినందించే క్రియాటిన్ అయితే రోజుకు 3 నుంచి 5 గ్రాములు కావాలి, ఏ పూట వేసుకున్నా ఒకటే. మీ డబ్బాలో ఉన్నది పేరుకే.

అంటే అప్పటికప్పుడు ఊపు తెస్తున్నది కెఫీనే. 'అలిసిపోయావు, పడుకో' అని మెదడుకు చెప్పే అడినోసిన్‌కి అది అడ్డుపడుతుంది. ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు, కొందరికి ఇంకా ఎక్కువే. ఆరున్నరకి 300 తాగితే పదకొండున్నరకి 150 మిగిలే ఉంటుంది. అంటే ఒక కప్పు కాఫీ కంటే ఎక్కువే పెట్టుకుని పక్క ఎక్కుతున్నారు. నిద్ర ఎలా వస్తుంది?

ప్రశ్న: మరి సగం స్కూప్ వేసుకోనా? పగలు రెండు కాఫీలు కూడా తాగుతాను.

జవాబు: మోతాదు వరకు సగం సరిపోవచ్చు. వ్యాయామానికి ఒంటి బరువు కిలోకి 3 నుంచి 6 మి.గ్రా. కెఫీన్ అంటారు గానీ, అంతకన్నా తక్కువతో కూడా చాలామందికి తేడా తెలుస్తుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజు మొత్తం మీద 400 దాటకూడదు. ఇప్పుడు కాఫీలతో కలిపితే మీరు దాటేస్తున్నట్టే. అయితే పడుకునే వేళకు దగ్గరగా 100 కూడా కొందరి నిద్ర చెడగొడుతుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లోనే చెప్పింది. నన్నడిగితే సాయంత్రం జిమ్‌కి కెఫీనే వద్దు. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి రావచ్చు, నాలుగైదు రోజుల్లో తగ్గించుకుంటూ రండి.

గ్రూపులో మరో సభ్యుడు: నీళ్లు కలపకుండా పొడి నోట్లో పోసుకునే సరదా మాత్రం పెట్టుకోకు తమ్ముడూ, పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విడిగా దొరికే కెఫీన్ పొడి జోలికి అసలే పోవద్దు, ఒక్క చెంచాలోనే ప్రాణం మీదకు తెచ్చేంత ఉంటుంది. ఇంకోటి, లేబుల్ మీద 'ప్రొప్రైటరీ బ్లెండ్' అని ఉంటే ఏది ఎంత వేశారో తెలియదు. పోటీలకు వెళ్లేవాళ్లకు అదే పెద్ద తలనొప్పి: కెఫీన్‌ని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) 2004లో నిషేధ జాబితా నుంచి తీసేసింది గానీ, ఇలాంటి డబ్బాల్లో కొన్నిటిలో దొరికిన డీఎంఏఏ అనే ఉత్ప్రేరకం నిషిద్ధమే.

జవాబు: బీపీ, గుండె దడ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఇవేవీ ముట్టుకోవద్దు. మీకు కూడా సెట్ల మధ్య గుండె లయ తప్పినట్టనిపించినా, ఛాతీ పట్టేసినా ఆ పూటకి బరువులు దించేసి డాక్టరు దగ్గరకు వెళ్లండి, డబ్బా కూడా పట్టుకెళ్లండి.