చెరువు బురదలో సీసం: రెండు శాంపిళ్లు, రెండు లెక్కలు

ప్రశ్న: హుస్సేన్ సాగర్‌లో కూకట్‌పల్లి నాలా కలిసే వైపు, పదడుగుల ఎడంలో రెండు చోట్ల బురద తీశాను. ఒకదాంట్లో సీసం రెండోదానికి రెట్టింపు! తప్పు ల్యాబ్‌దా, నాదా? మా గైడ్ గారేమో నవ్వి ఊరుకున్నారు.

జవాబు: గ్లవ్స్ వేసుకుని వేళ్ల మధ్య నలిపి చూశారా? గరగరలాడితే ఇసుక. లోహాలు ఎక్కువగా అంటుకునేది మెత్తటి బంకమట్టికే. 63 మైక్రాన్ల జల్లెడ పట్టి, కిందికి దిగిన మెత్తటి మట్టిలో సీసానికి అల్యూమినియంతో నిష్పత్తి కట్టండి; బంకమట్టి ఎంతుందో అల్యూమినియమే చెబుతుంది.

ప్రశ్న వేసినామె: అయ్యో, తక్కువొచ్చింది ఇసుకే! రెండోది నల్లగా, కుళ్లిన గుడ్ల కంపు.

మరో జవాబు: ఆ కంపు సల్ఫైడ్‌ది, సీసాన్ని కట్టిపడేస్తుంది. సల్ఫైడ్ పరీక్షకు మట్టిని ఎండబెట్టకండి, డబ్బా అంచుదాకా తడి మట్టే నింపివ్వండి. మంచినీటి బురదలో, ఎండు బరువున కిలోకి సీసం 35.8 మిల్లీగ్రాములలోపైతే అందులో బతికే పురుగులకు హాని అరుదు. 128 దాటితేనే గాభరా. క్రోమియం కూడా చూస్తారా? అయితే స్టీలు గరిటె వద్దు, స్టీలులోనూ క్రోమియం ఉంటుంది.