ఒక గజం దూరం, 26 సెకన్లు: 49వ సూపర్ బౌల్‌లో సియాటెల్ పాస్ ఆడటం తప్పేనా?

లెక్కల పంతులు:
అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్. మాట వచ్చిన ప్రతిసారీ ఇక్కడ ఎవరో ఒకరు ఆ లీగ్ ఫైనల్ అయిన 49వ సూపర్ బౌల్‌ను తలచుకుని, సియాటెల్ కోచ్ పీట్ క్యారల్ చేసినంత తెలివితక్కువ పని ఆ ఆట చరిత్రలోనే లేదని తేల్చి వెళ్లిపోతున్నారు. ఈ తీర్పు అన్యాయమని నా అభిప్రాయం. అందుకే దీని కోసం విడిగా చర్చ మొదలుపెడుతున్నాను.

చూడనివారి కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2015 ఫిబ్రవరి 1న అరిజోనాలోని గ్లెండేల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్, సియాటెల్ సీహాక్స్ తలపడ్డాయి. ఆఖర్లో పేట్రియట్స్ 28-24తో ముందున్నారు. 26 సెకన్లు మిగిలి ఉండగా బంతి సియాటెల్ చేతిలో, గోల్ లైన్‌కు ఒక్క గజం దూరంలో ఉంది; ఆ గీత దాటిస్తే టచ్‌డౌన్, సియాటెల్ ముందుకు వెళ్తుంది. అది రెండో డౌన్, అంటే నాలుగు ప్రయత్నాల్లో రెండోది, దానితో కలిపి ఇంకా మూడు ఉన్నాయి. గడియారం ఆపించే టైమ్ అవుట్ మాత్రం ఒకటే మిగిలింది. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ మార్షాన్ లించ్‌కు బంతి ఇస్తారని లోకమంతా అనుకుంటుండగా, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ పాస్ విసిరాడు. పేట్రియట్స్ ఆటగాడు మాల్కమ్ బట్లర్ అడ్డొచ్చి దాన్ని అందుకున్నాడు. అక్కడితో సియాటెల్ ఆశ పోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. పరుగు విఫలమైతే గడియారం ఆగదు, పాస్ నేల పడితే ఆగుతుంది. రెండో డౌన్‌లో పరిగెత్తి ఆగిపోతే ఉన్న ఒక్క టైమ్ అవుట్ వాడాలి. ఆ తర్వాత మూడో డౌన్‌లో పాసే ఆడాలని ఎదుటివారికి కూడా తెలిసిపోతుంది. రెండో డౌన్‌లోనే పాస్ వేసి అది నేల పడితే, మిగిలిన రెండు ప్రయత్నాల్లో పరుగో పాసో ఏదైనా ఎంచుకోవచ్చు. మూడు ప్రయత్నాలూ దక్కాలంటే ఎక్కడో ఒకచోట పాస్ వేయక తప్పదు. క్యారల్ దాన్ని ముందుకు జరిపాడు, అంతే. ఆ సీజన్‌లో అప్పటిదాకా లీగ్ మొత్తం మీద ఒక గజం దూరం నుంచి వందకు పైగా పాసులు విసిరితే, ఒక్కటి కూడా ప్రత్యర్థి చేతిలో పడలేదు.

గోదారిగట్టు:
లెక్క బాగానే ఉంది పంతులు గారూ, కానీ కప్పు పేట్రియట్స్‌తో బోస్టన్‌కు వెళ్లింది.

సియాటెల్ వాన:
నేను ఆ ఆట సియాటెల్ దగ్గరి రెడ్మండ్‌లో మిత్రుల ఇంట్లో చూశాను. పేట్రియట్స్ కొత్తగా, పాసులను అడ్డుకునే ముగ్గురు కార్నర్‌బ్యాక్‌లను మైదానంలోకి దింపినా ఆ గదిలో ఎవరికీ భయం కలగలేదు, ఎందుకంటే ఒక గజం దూరంలో లించ్ ఉన్నాడు. ఆ రోజు అతను 24 సార్లు బంతి పట్టుకుని 102 గజాలు పరిగెత్తాడు. అంతకు ముందు ప్లేలోనే అయిదో గజం నుంచి ఒకటో గజం దాకా నాలుగు గజాలు లాక్కెళ్లాడు. భుజం దెబ్బతిన్న పేట్రియట్స్ ఆటగాడు డాంటా హైటవర్ ఎలాగో అతన్ని పడగొట్టాడు. మరొక్కసారి అదే పని చేయమంటే చేసేవాడా కాదా అన్నది నాకు అసలు ప్రశ్నే కాదు.

సియాటెల్‌లో ఉన్నవారికి లించ్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. 2011 జనవరిలో న్యూ ఆర్లీన్స్ మీద అతను 67 గజాలు, ఒకరి తర్వాత ఒకరిని విదిలించుకుంటూ పరిగెత్తినప్పుడు స్టేడియంలో జనం వేసిన గంతులు భూకంప యంత్రాల్లో నమోదయ్యాయి. అలాంటి మనిషిని పక్కన నిలబెట్టి, జట్టులో పెద్దగా బంతి అందని రికార్డో లాకెట్‌కు, అదీ మధ్యలో కిక్కిరిసిన చోటికి విసరడం ఏ లెక్కలో సరిపోతుంది? పంతులు గారి గడియారం లెక్కను నేను కాదనను. కానీ బంతి వేయాలనే అనుకుంటే మైదానం అంచున, దొరికితే మనవాడికి, లేకపోతే ఎవరికీ దక్కకుండా వేయవచ్చు కదా.

లెక్కల పంతులు:
లించ్ మీద మీకున్న అభిమానాన్ని గౌరవిస్తాను. అయితే అదే 2014 సీజన్‌లో ఒక గజం దూరం నుంచి లించ్‌కు అయిదుసార్లు బంతి ఇస్తే ఒక్కసారే టచ్‌డౌన్ వచ్చింది. "ప్రశ్నే కాదు" అని మీరు అన్నదానికి అంకెల్లో జవాబు ఇది.

సియాటెల్ వాన:
అయిదు ప్రయత్నాలు ఒక లెక్కా? అయిదుసార్లు నాణెం ఎగరేసి నాలుగుసార్లు బొరుసు పడితే, నాణెం చెడిపోయిందని అంటారా?

లెక్కల పంతులు:
అనను. కానీ "తప్పకుండా చేసేవాడు" అని కూడా అనను. ఆ అయిదులో నాలుగు విఫలమయ్యాయన్నది నిజం.

సియాటెల్ వాన:
అయిదు తక్కువ లెక్క అని మీరే ఒప్పుకున్నారు కదా, ఇక దాన్ని ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారు? తక్కువ లెక్క నా వాదనకు ఎంత పనికిరాదో మీ వాదనకూ అంతే పనికిరాదు.

కొత్త ప్రేక్షకుడు:
చిన్న సందేహం. ఆ ముందు ప్లే అయ్యాక దాదాపు నిమిషం మిగిలి ఉంది కదా, 26 సెకన్లకు ఎలా పడిపోయింది? పేట్రియట్స్ టైమ్ అవుట్ ఎందుకు తీసుకోలేదు?

మసాచుసెట్స్ మాస్టారు:
ఈ ప్రశ్న అడిగినవారికి నా నమస్కారం, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. లించ్‌ను ఒకటో గజం దగ్గర పడగొట్టాక పేట్రియట్స్ కోచ్ బెలిచిక్ టైమ్ అవుట్ అడుగుతాడని అందరూ ఎదురుచూశారు. సియాటెల్ టచ్‌డౌన్ చేస్తే పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి తిరిగి దాడి చేసేందుకు కాస్త సమయం మిగలాలి కాబట్టి అలా అడగడమే మామూలు పద్ధతి. అతను అడగలేదు. గడియారాన్ని కరగనిచ్చి, మీదపడి ఆపగల బరువైన వాళ్లతో పాటు ముగ్గురు కార్నర్‌బ్యాక్‌లు ఉండే గోల్ లైన్ కూర్పును దింపాడు. సియాటెల్ గెలిచి ఉంటే ఈపాటికి మనం ఇదే వేదికలో బెలిచిక్ నిర్ణయాన్ని చరిత్రలోకెల్లా చెత్త నిర్ణయం అంటూ ఉండేవాళ్లం.

ఇంకొక మాట. ఈ చర్చలో ఇప్పటిదాకా బట్లర్ పేరు ఒక్కసారే వచ్చింది. వెస్ట్ అలబామా అనే చిన్న కళాశాల నుంచి వచ్చాడు, జట్లు కొత్త ఆటగాళ్లను తీసుకునే డ్రాఫ్టులో ఎవరూ ఎంచుకోలేదు, ఒకప్పుడు పొపాయ్స్ చికెన్ దుకాణంలో పని చేశాడు. ఆ వారం సాధనలో సరిగ్గా ఇలాంటి అమరికతో వేసిన పాస్‌కు అతనే ఓడిపోయాడు. ఆ రోజు ఆటలోనూ కాసేపటి ముందు పాసులు అందుకునే సియాటెల్ రిసీవర్ జెర్మైన్ కర్స్ వెల్లకిలా పడి, కాళ్ల మీద ఎగిరెగిరి పడుతున్న బంతిని పట్టుకున్న 33 గజాల పాస్‌లో అతనిని కాపు కాసింది బట్లరే. అంత దెబ్బ తిని కూడా, ఆ తర్వాత కుడివైపు ఇద్దరు రిసీవర్లు ఒకరి వెనుక ఒకరు నిలబడటం చూడగానే గుర్తుపట్టి, బంతి విసరక ముందే పాదం కదిపాడు. ముందు నిలబడ్డ కర్స్‌ను బ్రాండన్ బ్రౌనర్ అక్కడికక్కడే తొక్కిపట్టాడు కాబట్టి బట్లర్‌కు దారి దొరికింది. ఈ బ్రౌనర్ అంతకు ముందు సీజన్ దాకా సియాటెల్ ఆటగాడే. ఇదంతా వదిలేసి "క్యారల్ ఓడించాడు" అంటే గెలిచినవాడి పని ఎవరి ఖాతాలో వేస్తున్నట్టు?

గోదారిగట్టు:
మాస్టారూ, ఆ కర్స్ క్యాచ్ గుర్తుచేసి మళ్లీ కడుపు మండించారు.

లెక్కల పంతులు:
మాస్టారు చెప్పింది నా వాదనకు బలమే. ఒక కుర్రాడు తన జీవితంలో చేయగలిగినంత గొప్ప పని చేస్తే తప్ప ఆ పాస్ ప్రమాదంలో పడదు. నిర్ణయాన్ని నిర్ణయం తీసుకున్న క్షణంలో తెలిసినదాన్ని బట్టి తూచాలి, తర్వాత జరిగినదాన్ని బట్టి కాదు.

సియాటెల్ వాన:
అంతా మీకు అనుకూలంగానే బలపడుతుంది. బట్లర్ సాధనలో ఆ ప్లే చూసి ఉన్నాడంటే, సియాటెల్ ఆడబోయేది ఎదుటివారు ముందే ఊహించారని అర్థం. బ్రౌనర్‌కు ఆ ఇంటి గుట్టు తెలుసు. ఇవేవీ ఆ క్షణంలో తెలియని సంగతులు కావు కదా?

ఆట ముగిశాక ఏం జరిగిందో కూడా చెబుతాను. సియాటెల్ దాడి (అఫెన్స్) బాధ్యత చూసే డారెల్ బెవెల్, లాకెట్ బంతి కోసం ఇంకా గట్టిగా నిలబడి ఉండాల్సిందనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఇది విన్నప్పుడు నా మనసుకు పట్టిన కోపం ఇప్పటికీ దిగలేదు, ఎందుకో వివరంగా చెబుతాను. కొన్నేళ్ల కిందట మా జట్టు ఒక పెద్ద వ్యవస్థను ఒక చోట నుంచి మరో చోటికి మార్చే పని రాత్రింబగళ్లు చేసింది. పాత వ్యవస్థలో ఏ మూల ఏముందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆఖరి రాత్రి అసలు మార్పిడి చేసే సమయానికి, కాగితం మీద బాగుందని పైవాళ్లు వేరే మనిషిని, వేరే పద్ధతిని ఎంచుకున్నారు. అది కూలింది. మర్నాడు సమావేశంలో, కింద పనిచేసిన కుర్రాడు సరిగా పట్టించుకోలేదని తేల్చారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం. సియాటెల్ వాళ్లు ఏరు దాటక ముందే తగలేశారు.

లెక్కల పంతులు:
మీ కార్యాలయంలో జరిగినది బాధాకరమే. కానీ దానికీ రెండో డౌన్‌కూ సంబంధం ఏమిటి? పైగా ఆట ముగిశాక క్యారల్ తప్పంతా తనదేనని కెమెరాల ముందు చెప్పుకున్నాడు. మీ పైవాళ్లు చేసింది అది కాదు. మీ సొంత కోపాన్ని తెచ్చి క్యారల్ నెత్తిన పోస్తున్నారు.

సియాటెల్ వాన:
సంబంధం లేదా? ఇలాంటి మాటలు అనేవాళ్లకు జట్టు అంటే గణాంకాల పట్టికే కనిపిస్తుంది. మీరు జీవితంలో ఎప్పుడైనా ఒక జట్టు మనిషిగా చెమటోడ్చి పనిచేశారా అని అడగాలనిపిస్తోంది.

మసాచుసెట్స్ మాస్టారు:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. పంతులు గారి ఉద్యోగం, వాన గారి ఉద్యోగం మనకు అక్కర్లేదు.

లెక్కల పంతులు:
అడిగారు కాబట్టి చెబుతాను. మా ఊళ్లో పడగొట్టకుండా ఆడే పిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టుకు నేను జీతం లేని కోచ్‌ను. ఒక ఆటలో చివర్లో, అవతలి జట్టు పరుగునే కాపు కాస్తోందని చూసి పాస్ ఆడించాను. ఒక పిల్లవాడు దాన్ని లాక్కున్నాడు. ఆ సాయంత్రం తల్లిదండ్రుల్లో ఒకరు, "మా వాడు వేగంగా పరిగెడతాడని తెలిసి కూడా ఎందుకు వాడికి ఇవ్వలేదు?" అని అందరి ముందు నిలదీశారు. అదే ప్లే అంతకు ముందు రెండు ఆటల్లో గెలిపించినప్పుడు ఎవరూ నన్ను మెచ్చుకోలేదు, నేను ఆశించనూ లేదు. ఫలితం వచ్చాక లేచి నిలబడి వేలు చూపించడం ఎంత సులువో నాకు స్వయంగా తెలుసు. క్యారల్‌ను ఇన్నేళ్లుగా అలా వేలెత్తి చూపుతుంటే నేను ఊరుకోలేకపోతున్నాను.

కృష్ణాతీరం:
ఆట అప్పటికి పూర్తి కాలేదని కూడా గుర్తుంచుకోవాలి. బట్లర్ బంతి పట్టాక 20 సెకన్లు మిగిలాయి, పేట్రియట్స్ తమ గోల్ లైన్ ముందు ఒకటో గజం దగ్గర ఇరుక్కున్నారు. వెనక్కి తగ్గితే సేఫ్టీ అయి రెండు పాయింట్లు పోతాయి, మోకాలు ఆనించి ఆట ముగించే వీలు లేదు. సియాటెల్ ఆటగాడు మైఖేల్ బెనెట్ బంతి కదలక ముందే దూకి అయిదు గజాలు ఉచితంగా ఇచ్చేశాడు. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

సియాటెల్ వాన:
పంతులు గారూ, ఇందాక నేను అన్న మాట తొందరపాటు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. మీ పిల్లల జట్టు సంగతి చదివాక మన గొడవ గడియారం గురించి కాదని నాకు స్పష్టంగా తెలిసింది. మీ లెక్క నిజమేననుకుందాం. పాస్ వేస్తే గెలిచే అవకాశం నూటికి రెండు పాళ్లు ఎక్కువని ఎవరో నిరూపించారనుకుందాం. అయినా నేను లించ్‌కే ఇస్తాను. ఆ జట్టు అంతకు ముందు ఏడాది డెన్వర్‌ను 43-8తో ఓడించి కప్పు తెచ్చినా, ఈసారి ఇక్కడిదాకా వచ్చినా, దానికి స్వభావం అంటూ ఉంటే అది లించ్ పరుగు. చివరి గజం అతనిది. అతను పడిపోయి ఓడిపోతే ఆ ఓటమిని జట్టు కలిసి మోయగలదు. ఇలా ఓడిపోతే మోయలేదు.

లెక్కల పంతులు:
ఇప్పుడు మీరు నిజంగా చెప్పాలనుకున్నది చెప్పారు. దీన్ని నేను ఒప్పుకోలేను, కానీ నాకు అర్థమైంది. కోచ్ బాధ్యత యాభై మందికి పైగా ఉన్న మొత్తం జట్టుకు. వారిలో ఏ ఒక్కరికీ చివరి గజం సొంతం కాదు, లాకెట్‌కు కూడా ఆ జట్టులో లించ్‌కున్నంత హక్కే ఉంది. ఆటగాడి మీద ఉన్న కృతజ్ఞతతో గెలుపు అవకాశాన్ని కొంచెం తగ్గించినా, మిగిలినవారికి అన్యాయం చేసినట్టే. అది మీకు ఎందుకు అన్యాయంగా కనిపించడం లేదు?

సియాటెల్ వాన:
ఎందుకంటే, ఆ మిగిలినవారిలో ఎవరిని అడిగినా లించ్‌కే ఇవ్వమనేవారని నా నమ్మకం.

మసాచుసెట్స్ మాస్టారు:
సరే, అయితే ఒక ప్రశ్నకు జవాబు చెప్పండి వాన గారూ. రెండో డౌన్‌లో లించ్‌ను మావాళ్లు ఆపేశారు, మీరు టైమ్ అవుట్ తీసుకున్నారు, గడియారంలో దాదాపు 20 సెకన్లు ఉన్నాయి. మూడో డౌన్‌లో ఏం ఆడిస్తారు?

సియాటెల్ వాన:
విల్సన్‌ను కుడివైపు పరిగెత్తిస్తాను. దారి ఉంటే తానే దూకుతాడు, లేకపోతే మైదానం బయటికి విసిరేస్తాడు, గడియారం ఆగుతుంది. నాలుగో డౌన్‌లో మళ్లీ లించ్.

లెక్కల పంతులు:
మూడో డౌన్‌లో మీరూ బంతి విసరడానికి సిద్ధమయ్యారు. ఆ ఒక్క పాస్‌ను రెండో డౌన్‌లో వేసినందుకే క్యారల్‌ను తప్పుపడుతున్నారు.

సియాటెల్ వాన:
కాదు. దాన్ని జనం మధ్యలోకి విసిరినందుకు, అంతకంటే ముందు లించ్‌కు ఒక్కసారి కూడా అవకాశం ఇవ్వనందుకు.