అప్‌డేట్: మా పాప కూర్చుంది

ఎనిమిది నెలలు నిండినా మా పాప ఆసరా లేకుండా కూర్చోవడం లేదని నెల కిందట అడిగాను. ఎన్నో వారంలో పుట్టిందని మీరు అడిగారు. 32వ వారంలోనే పుట్టింది. అసలు సంగతి రాయడమే మరిచిపోయాను.

పిల్లల డాక్టరుకు చూపించాం. రెండేళ్లు వచ్చేదాకా వయసును కాన్పుకు ఇచ్చిన తేదీ నుంచి లెక్కపెట్టమన్నారు. అంటే అప్పటికి ఎనిమిది కాదు, ఆరు నెలలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆసరా లేకుండా కూర్చోవడానికి సుమారు 4 నుంచి 9 నెలల దాకా గడువుంది. మెడ నిలుపుతోందా, రెండు చేతులూ సమానంగా వాడుతోందా, పిలిస్తే తిరుగుతోందా అని చూశారు. అన్నీ బాగున్నాయి. వాకర్ మాత్రం తీసేయమన్నారు. (అది కొన్నది అత్తయ్యగారు. ఇంకా అలక తీరలేదు.)

మొన్న మంగళవారం చాప మీద కూర్చోబెట్టి వదిలాను. గిలక్కాయ కోసం రెండు చేతులూ ఎత్తింది, ఒరగలేదు. పది లెక్కపెట్టాను. పదకొండుకు దిండు మీదికి దొర్లి తనే నవ్వింది.

దోగాడటం ఇంకా రాలేదు, వెనక్కి మాత్రం జరుగుతోంది. అరిసెలకు బియ్యం ఎప్పుడు నానబోయాలని అమ్మ అప్పుడే అడుగుతోంది.