గడ్డి ఆకు అంచు గరుకు: మేసే జంతువుల నుంచి రక్షణ కోసమేనా?

ప్రశ్న:
గడ్డి ఆకును కొస నుంచి మొదలు వైపు నిమిరితే వేలికి రంపపు పళ్లలా తగిలే గరుకుదనంలో, ఇసుకలో ఉండే సిలికాకూ పాత్ర ఉందని చదివాను. మొక్క దాన్ని రక్షణ కోసం పోగుచేసుకుంటుందా, లేక నీటితో పాటు ఊరికే చేరుతుందా?

జవాబు 1:
ఊరికే చేరడం కాదండి. గడ్డి కుటుంబానికే చెందిన వరిని చూడండి: దాని వేర్లు సిలిసిక్ ఆమ్లాన్ని (నీటిలో కరిగిన రూపంలోని సిలికాను) ప్రత్యేకమైన ప్రోటీన్ల ద్వారా లోపలికి తీసుకుంటాయి. అందుకు అవసరమైన ఒక జన్యువును 2006లో గుర్తించారు. ఆకులో నీరు ఆవిరయ్యాక ఆ ఆమ్లం గాజులాంటి రేణువులుగా గట్టిపడి, ఆకు తినే పురుగుల దవడలను అరగదీస్తుంది, మేతలోని పోషకాలు ఒంటబట్టకుండా అడ్డుపడుతుంది. అన్నిటికన్నా నాకు అద్భుతంగా తోచేది, పదేపదే మేతకు గురైన కొన్ని గడ్డిజాతులు ఆకుల్లో సిలికాను మరింత పెంచుకోవడం.

జవాబు 2:
సిలికాలాగే కొన్ని మొక్కలు నేల నుంచి పోగుచేసుకునే మరో పదార్థం, ఎక్కువైతే విషమయ్యే సెలీనియం అనే మూలకం సంగతి కూడా చెప్పాలి. ఉత్తర అమెరికా పశ్చిమ ప్రాంతంలోని ఆస్ట్రగాలస్ అనే చిక్కుడు కుటుంబపు మొక్కల్లో కొన్ని జాతులు కిలో ఎండు ఆకుకు 1000 మిల్లీగ్రాములకు మించి దాన్ని కూడబెడతాయి. అలాంటి మేత తిన్న గుర్రాలకు జూలు ఊడి, గిట్టలు పగులుతాయి.

ప్రశ్న అడిగినవారు:
మరి ఆ విషం మొక్కకే హాని చేయదా?

జవాబు 2:
చేయదండి. గంధకాన్ని పోలిన సెలీనియం తన ప్రోటీన్లలో చొరబడకుండా, ఆ మొక్క దాన్ని ముందే మిథైల్ సెలెనోసిస్టీన్ అనే, తనకు హాని చేయని పదార్థంగా మార్చి ఆకుల్లో దాచుకుంటుంది.